తొలికోడి కన్నా ముందే

తెల్లవారుజాము నిద్రకున్న రుచి మరే నిద్రకూ ఉండదు. రాత్రంతా అటూ ఇటూ దొర్లినవారికి కూడా నాలుగు దాటాక కన్ను బరువెక్కుతుంది. జ్వరంతో ఏడ్చి ఏడ్చి అలసిన పసిపాప నిద్రలోకి జారుకునేదీ, మోకాళ్ల నొప్పులతో వేగిన పెద్దావిడకు కాస్త కునుకు పట్టేదీ, రాత్రి డ్యూటీ ముగించుకొచ్చిన ఉద్యోగి నడుం వాల్చేదీ ఆ వేళలోనే. సరిగ్గా అప్పుడే నాలుగో అంతస్తులో కుక్క మొరగడం మొదలుపెడుతుంది. ఆగి ఆగి అరగంట సేపు మొరుగుతుంది. పైఇంటివారు కిటికీ మూస్తారు. పక్కింటివారు గోడ మీద తడతారు. కుక్క ఉన్న ఇంటివారు సిగ్గు సగం, కోపం సగంగా లేచి దాన్ని అదిలిస్తారు. తెల్లారేసరికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు సిద్ధంగా ఉంటుంది.

వినడానికి ఇది చిన్న సంగతి. కానీ ఎదురెదురు గడపల మధ్య పలకరింపులు ఆగిపోవడానికీ, ముద్దు చేసి పెంచుకున్న కుక్కను ఎవరికో ఇచ్చేయడానికీ, ఒక్కోసారి ఊరి చివర వదిలేసి రావడానికీ ఈ చిన్న సంగతే చాలుతోంది. విసుక్కోవడం ఎవరికైనా తేలికే. అంతకన్నా ముందు, ఆ మూగజీవం ఆ వేళకే ఎందుకు లేస్తోందో, లేచి ఏం అడుగుతోందో కనుక్కోవడం న్యాయం. ఆ పని చేసిన ఇళ్లలో చాలావాటికి కొద్ది వారాల్లోనే తెల్లవారుజాము నిద్ర తిరిగి దక్కుతోంది.

మొరగడం కుక్క మనిషి చెంత చేరాక పెంచుకున్న విద్య. కుక్కకు పూర్వీకులైన తోడేళ్లు పెద్దయ్యాక మొరగడం చాలా అరుదు. మనిషీ కుక్కా కలిసి బతకడం ఎంత పాతదో చెప్పడానికి జర్మనీలోని బాన్ నగరం దగ్గర బయటపడిన సమాధి ఒక్కటి చాలు. సుమారు 14 వేల ఏళ్ల కిందట ఇద్దరు మనుషులతో పాటు ఒక కుక్కపిల్లను కూడా అక్కడ పూడ్చిపెట్టారు. ఇన్ని వేల ఏళ్లుగా మనిషి దానికి అప్పగించిన పని కాపలా. తెలంగాణలో, రాయలసీమలో గొల్లకురుమలు పొలాల్లో గొర్రెల మందను ఆపిన రాత్రి, కాపరి కంబళి కప్పుకుని ఓ కన్ను మూయగలిగేది కుక్క మేలుకొని ఉంటుందన్న ధీమాతోనే. తోడేలైనా దొంగైనా మంద మీద పడేది మనిషి గాఢనిద్రలో ఉన్నప్పుడే. అందుకే నాలుగో జాములో మొరిగిన కుక్కకు ఆ కాపరి మరో ముద్ద ఎక్కువే పెట్టాడు. అదే కుక్క సంతతి ఇప్పుడు బహుళ అంతస్తుల భవనాల్లోకి వచ్చి చేరింది. దాని నెత్తుటిలోని మెలకువ మాత్రం ఎక్కడికీ పోలేదు.

కుక్క నిద్ర మన నిద్ర లాంటిది కాదు. మనం రాత్రి ఒక్క దఫాలో నిద్రపోతాం. అది రోజు మొత్తం మీద పన్నెండు, పద్నాలుగు గంటలు ముక్కలు ముక్కలుగా నిద్రపోతుంది. అందులోనూ తెల్లవారుజామున, సందెవేళ దాని ఒంట్లో చురుకు ఎక్కువ. వెలుగు దానికి మొదటి పిలుపు. హైదరాబాద్‌లో జనవరి చివర సూర్యుడు 6.50 ప్రాంతంలో ఉదయిస్తే, జూన్ మొదట్లో 5.40కే పైకి వస్తాడు. సూర్యోదయానికి ఇరవై నిమిషాల ముందే తూర్పు తెల్లబడుతుంది. తూర్పు బాల్కనీ ఉన్న ఇంట్లో చలికాలంలో బుద్ధిగా పడుకున్న కుక్క వేసవిలో గంట ముందే లేచి కూర్చుందంటే అందులో మొండితనం ఏమీ లేదు. ఆకాశం చెప్పిన మాటే అది విన్నది.

చప్పుళ్లు రెండో పిలుపు. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్‌ల వరకే అందితే, కుక్క చెవి 45 వేల హెర్ట్జ్‌ల దాకా పట్టుకుంటుంది. మనకు నిశ్శబ్దంగా తోచే నాలుగున్నర గంటల వేళ దాని చెవికి సందడిగా ఉంటుంది. కింద గేటు గొళ్లెం తీసిన చప్పుడుకు ముందు ఒక చెవి లేస్తుంది. పాలప్యాకెట్ల ట్రే నేల మీద పెట్టిన మోతకు తల లేస్తుంది. లిఫ్టు కదిలితే కాళ్ల మీద నిలబడుతుంది. అది తమ అంతస్తులో ఆగితే గొంతులో సన్నటి గుర్రు మొదలవుతుంది. తలుపు పక్కన న్యూస్‌పేపరు పడిన క్షణాన ఆ గుర్రు మొరుగుడవుతుంది. పేపరు కుర్రాడు ఎలాగూ వెళ్లిపోతాడు. కుక్క మాత్రం తాను మొరిగినందుకే వెళ్లిపోయాడని నమ్ముతుంది. కాపలా ఫలించింది కనుక మర్నాడు మరింత శ్రద్ధగా చేస్తుంది. ధనుర్మాసం వస్తే గుడి మైకులో తిరుప్పావై, వీధిలో హరిదాసు చిరతలు, వాకిళ్లలో కళ్లాపి చల్లుతున్న చప్పుడు దీనికి తోడవుతాయి. వీధిలో ఒక కుక్క మొదలుపెడితే గొలుసుకట్టుగా అన్నీ అందుకుంటాయి.

అయితే మొరుగుళ్లన్నీ ఒకటి కావు. హంగరీలోని ఈట్వోష్ లొరాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని కుక్కల మొరుగుళ్లను రికార్డు చేసి మనుషులకు వినిపించారు. కొత్త మనిషిని చూసి మొరిగిందా, ఒంటరిగా కట్టేస్తే మొరిగిందా, ఆటలో మొరిగిందా అన్నది చాలామంది పోల్చుకోగలిగారు. కుక్కను ఎన్నడూ పెంచనివారు కూడా ఆ తేడా పట్టుకోవడం ఆ అధ్యయనంలో తేలిన విశేషం. అంటే ఆ భాష మనకు ఎంతో కొంత తెలుసు. కోపంలో ఉన్నప్పుడు వినం, అంతే. గడియారం చూసి పళ్లు నూరుకునే బదులు రెండు మూడు రోజులు ఓపిగ్గా గమనిస్తే చాలా సంగతులు బోధపడతాయి. బాల్కనీ వైపు తిరిగి మొరుగుతోందా, తలుపు వైపా, మన మంచం వైపా? మొరిగి చెవులు రిక్కిస్తోందా, మూలుగుతూ తిరుగుతోందా? తలుపు తీయగానే మూత్రానికి పరుగెడుతోందా, తోక ఊపుతూ గిన్నె దగ్గరకు వెళుతోందా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మొదట తేల్చుకోవలసింది ఒంటి అవసరం. కుక్కపిల్ల ఎన్ని నెలలదైతే సుమారు అన్ని గంటలే మూత్రం ఆపుకోగలదని పశువైద్యులు ఒక మోటు లెక్క చెబుతారు. మూడు నెలల పిల్ల రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరు దాకా ఆపుకోవాలని కోరడం అన్యాయం. అది నాలుగింటికి లేచి పిలిచిందంటే పక్క తడపకుండా మర్యాద పాటించిందన్న మాట. పెద్ద కుక్క ఉన్నట్టుండి వేకువనే లేవడం, ఎక్కువగా నీళ్లు తాగడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం కనిపిస్తే అది మధుమేహానికో మూత్రపిండాల జబ్బుకో సూచన కావచ్చు. వేకువన పసుపు పచ్చని నురగ కక్కుకుంటే రాత్రంతా కడుపు ఖాళీగా ఉండిపోయిందేమో చూడాలి. సాయంత్రం ఆరింటికే అన్నం పెట్టే ఇళ్లలో, పడుకునే ముందు మరో చిన్న ముద్దతో ఇది సర్దుకోవచ్చు. లాబ్రడార్ల ఆకలికైతే పుట్టుకలోనే కారణం ఉండొచ్చు. ఆ జాతి కుక్కల్లో దాదాపు నాలుగో వంతుకు ఆకలిని అదుపు చేసే పీఓఎంసీ జన్యువులో కొంత భాగం లోపించిందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో వెల్లడించారు. తిండి కోసం వేకువనే ప్రాణం తీసే ఆ కుక్క ఆకలిని నటించడం లేదు. దానికి నిజంగానే ఆకలిగా ఉంటుంది.

ముసలి కుక్కల సంగతి మరీ జాలి గొలుపుతుంది. పదేళ్లు పైబడిన వాటిలో కొన్నింటికి, మనుషులకు వచ్చే అల్జైమర్స్ లాంటి మతిమరుపు జబ్బు వస్తుంది. పగలు నిద్రపోయి రాత్రి తిరుగుతాయి. టైల్స్ మీద గోళ్ల చప్పుడు ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి వంటింట్లోకి సాగుతూనే ఉంటుంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోతుంది. లేచి చూస్తే అది గది మూలలో గోడకేసి నిలబడి, ఎటు తిరగాలో తోచక, దేన్నీ చూడకుండా మొరుగుతుంటుంది. పుట్టి పెరిగిన ఇంట్లోనే దారి తప్పిన జీవం అది. దానికి క్రమశిక్షణ నేర్పాలనుకోవడం తగదు. ఓ చిన్న రాత్రిదీపం, కాలు జారని పరుపు, పక్కన తెలిసిన చెయ్యి, పశువైద్యుడు రాసిన మందు దానికి ఆసరా. పన్నెండేళ్లు మన గుమ్మం కాచిన ప్రాణికి చివరి ఏడాదిలో మన నిద్రలో కొంత ఇవ్వడం రుణం తీర్చుకోవడమే.

అవసరం ఏదీ లేదని తేలాక మిగిలేది అలవాటు. ఆ అలవాటు ఎలా పడిందో ఏ ఇంట్లోనైనా వెనక్కి వెళ్లి చూస్తే ఇంచుమించు ఒకే వరస కనిపిస్తుంది. ఒకనాడు ఏదో చప్పుడుకు అది ఐదింటికి లేచి మొరిగింది. ఇరుగుపొరుగు లేస్తారన్న భయంతో ఇంటాయన గబగబా లేచి వంటింటి లైటు వేశాడు. చేతికందిన గ్లూకోజ్ బిస్కెట్టు నోటికిచ్చాడు. అది ఊరుకుంది. ఆయనా పడుకున్నాడు. ఆయన దృష్టిలో అప్పటికి గండం గడిచింది. కుక్క దృష్టిలో ఒక పాఠం పూర్తయింది: మొరిగితే లైటు వెలుగుతుంది, మనిషి వస్తాడు, బిస్కెట్టు దొరుకుతుంది. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ అందుకున్న ఇవాన్ పావ్లోవ్ ప్రయోగశాలలో కుక్కలకు తిండి కంటపడకముందే, అది తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే నోట్లో నీళ్లూరేవి. ఏ గుర్తు తర్వాత ఏ ఫలం వస్తుందో కుక్క అంత త్వరగా పట్టుకుంటుంది. తిట్టడానికి లేచినా పరవాలేదనుకుంటాం. పగలంతా ఇంట్లో ఒంటరిగా గడిపిన కుక్కకు తిట్టూ ఒక పలకరింపే.

పడిన అలవాటును మాన్పించే దారి ఉంది. మొరిగాక లేవడం మానేసి, మొరగకముందే లేవాలి. రోజూ ఐదింటికి మొరిగే కుక్క ఉన్న ఇంట్లో నాలుగూ నలభై ఐదుకు అలారం పెట్టుకోవాలి. అది ఇంకా నిశ్శబ్దంగా ఉండగానే బయటికి తీసుకెళ్లి, పని అయ్యాక మళ్లీ పడుకోబెట్టాలి. దీపాలు వద్దు, ముచ్చట్లు వద్దు, తిండి అసలే వద్దు. నాలుగైదు రోజులు అలా కుదురుకున్నాక ఆ వేళను పది నిమిషాలు, పదిహేను నిమిషాలు చొప్పున ఆలస్యం చేస్తూ పోవాలి. ఉదయం అన్నం గిన్నెకూ మెలకువకూ మధ్య కనీసం అరగంట ఎడం ఉండాలి. లేవగానే తిండి దొరుకుతుందని తెలిస్తే ఏ ప్రాణి అయినా త్వరగానే లేస్తుంది. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇది ఏటా నవంబరులో అనుభవమే. మొదటి ఆదివారం అక్కడ గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా ఆరింటికి లేచిన కుక్క ఆ రోజు నుంచి ఐదింటికే లేచినట్టు కనిపిస్తుంది. అందుకే తెలిసినవారు వారం పది రోజుల ముందు నుంచే దాని తిండివేళ, నడకవేళ కొద్దికొద్దిగా జరుపుకుంటూ వస్తారు.

ఈ దారిలో ఒక గడ్డు మలుపు ఉంది. ఇన్నాళ్లూ ఫలించిన మొరుగుడు ఒక్కసారిగా ఫలించడం మానేస్తే కుక్క మొదట దాన్ని పెంచుతుంది. నొక్కగానే వచ్చే లిఫ్టు ఓ రోజు రాకపోతే మనం ఆ బటన్‌ను పదిసార్లు నొక్కుతామే, అలాంటిదే ఇది. చాలామంది సరిగ్గా అక్కడే ఓడిపోతారు. మూడు రోజులు పట్టుబట్టి, నాలుగో రోజు తట్టుకోలేక లేచి బిస్కెట్టు ఇస్తారు. గట్టిగా, ఇంకాసేపు మొరిగితే చాలని అప్పుడు కుక్క నేర్చుకుంటుంది. మొదలుపెట్టకపోయినా అంత నష్టం జరిగేది కాదు. ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద ఉండటం ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. అమ్మానాన్నా పట్టుదలగా ఉన్నా, తెల్లవారకముందే లేచే తాతయ్య తన కాఫీతో పాటు దానికో రస్కు ముంచి పెడితే మొత్తం పాఠం అక్కడే చెడుతుంది. అది ఆయన ప్రేమ. ఆ ప్రేమను వద్దనక్కర్లేదు. ఆ రస్కును ఆరున్నరకు, కుక్క నిశ్శబ్దంగా కూర్చున్నప్పుడు పెట్టమని ఆయనకు చెప్పి ఒప్పించాలి.

వేకువ మొరుగుడుకు మందు చాలావరకు సాయంత్రంలోనే ఉంది. పగలంతా మూసిన ఫ్లాట్‌లో పడుకున్న కుక్కకు రాత్రి నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? గొలుసు పట్టుకుని గబగబా ఓ చుట్టు తిప్పి తీసుకొస్తే దాని కాళ్లు కదులుతాయి కానీ మనసు నిండదు. ప్రతి చెట్టునూ, స్తంభాన్నీ, రాయినీ ఆగి వాసన చూడనివ్వాలి. మనం చూసే లోకాన్ని అది ముక్కుతో చదువుతుంది. పడుకునే ముందు మరోసారి కిందికి తీసుకెళ్లాలి. పక్కను వీధి వైపు నుంచి లోపలి గదికి మార్చాలి. బాల్కనీలో ఒంటరిగా కట్టేసిన కుక్క ప్రతి చప్పుడుకూ తానే జవాబుదారీ అనుకుంటుంది. మందపాటి కర్టెన్ వెలుగును ఆపుతుంది. సన్నగా తిరిగే ఫ్యాను బయటి చప్పుళ్లను కొంత మరుగుపరుస్తుంది. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. కావలసిందల్లా రోజుకు ఓ గంట మన సమయం. కుక్కను ఇంటికి తెచ్చుకున్న రోజునే మనం దానికి మాటిచ్చిన గంట అది.

దెబ్బలతో దీన్ని ఆపవచ్చని కొందరు అనుకుంటారు. మూతికి గంటల తరబడి బిగించే పట్టీలు, మెడకు కరెంటు షాకిచ్చే కాలర్లు కొని తెచ్చేవారూ ఉన్నారు. ఇవి భయాన్ని పెంచుతాయి. భయపడిన కుక్క ఇంకా తేలికగా ఉలిక్కిపడుతుంది, ఇంకా త్వరగా లేస్తుంది. అకారణంగా కుక్కను కొట్టడం గురించి మన మహాభారతం ఆదిపర్వంలోనే ఒక హెచ్చరిక ఉంది. జనమేజయ మహారాజు యజ్ఞశాలకు వచ్చిన కుక్కపిల్లను అతని తమ్ముళ్లు కొట్టి తరిమారు. హవిస్సును తాకలేదు, కన్నెత్తి చూడలేదు, నా బిడ్డ చేసిన తప్పేమిటని తల్లి సరమ అక్కడికే వచ్చి నిలదీసింది. మహారాజు దగ్గర జవాబు లేదు. మీకు ఊహించని భయం వచ్చి పడుతుందని చెప్పి ఆమె వెళ్లిపోయింది. ఇతిహాసం ఆ ప్రశ్నను కుక్క నోట పలికిస్తే, మన చట్టం దానికి జవాబిచ్చింది. జంతువులను కొట్టి హింసించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. సాటి ప్రాణుల పట్ల దయ చూపడం రాజ్యాంగంలోని 51ఏ అధికరణం ప్రతి పౌరుడికీ విధించిన కర్తవ్యాల్లో ఒకటి.

దయ కుక్క మీదే ఆగిపోకూడదు. గోడ అవతల నిద్ర చెడిన మనిషి కూడా దయకు పాత్రుడే. 2000 నాటి శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రివేళగానే లెక్కిస్తాయి. నివాస ప్రాంతాల్లో ఆ సమయంలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదంటాయి. భారత జంతు సంక్షేమ మండలి 2015లో జారీ చేసిన మార్గదర్శకాలు రెండు పక్షాలకూ బాధ్యత గుర్తుచేస్తాయి. కుక్కలను పెంచుకోవద్దని నిషేధించే హక్కు నివాసుల సంఘాలకు లేదు. మొరగడం కుక్క సహజ స్వభావం కనుక కొంత సహించాలి. అదే సమయంలో, ముఖ్యంగా రాత్రివేళ, కుక్క ఇతరులకు ఇబ్బంది కలిగించకుండా చూసుకోవడానికి యజమానులు చేతనైన ప్రయత్నాలన్నీ చేయాలి. ఈ సమతూకం కాగితం మీద కన్నా గడపల మధ్యే బాగా కుదురుతుంది. 'మా వాడికి అలవాటు మాన్పిస్తున్నాం వదినా, ఈ వారం పది రోజులు కాస్త ఓర్చుకోండి' అని పక్కింటికి వెళ్లి చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ముందుగా చెప్పిన ఇంటి మీద కోపం సగానికి తగ్గుతుంది. ఎందుకొస్తోందో తెలియని చప్పుడు బాధిస్తుంది, పది రోజుల్లో ఆగుతుందని తెలిసిన చప్పుడును ఓర్చుకోగలం. ఫిర్యాదు చేసేవారు కూడా గ్రూపులో రాసేకన్నా ముందు తలుపు తట్టి ఓ మాట అడిగితే, వృద్ధాప్యంలో దారి తెలియని కుక్కో, నిన్ననే తల్లిని వదిలొచ్చిన పిల్లో ఆ ఇంట్లో ఉందని తెలిసివస్తుంది.

కుక్కకు గడియారం లేదు. దాని వేళలన్నీ మనం ఇచ్చినవే. మనం లేచే వేళ, తినే వేళ, తలుపు తీసే వేళ చూసి అది తన రోజును కట్టుకుంటుంది. ఆ కట్టడిలో ఎక్కడో ఒక వేళ తప్పితే దిద్దవలసిన బాధ్యత నేర్పినవారిదే. ఇంట్లో కుక్క వేకువనే మొరుగుతోందని బాధపడుతున్నవారు ముందు పశువైద్యుడికి చూపించండి. ఏ జబ్బూ లేదని ఆయన చెప్పాక ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క మాట అనుకోండి. పొరుగువారికి చెప్పండి. మూడు వారాలు ఆ మాట మీద నిలబడండి. ఈ మూడు వారాల ఓపిక పట్టలేక కుక్కను వీధిలో వదిలేయడం ఏ ఇంటికీ మర్యాద కాదు.